బుద్రి తాడూ, నా పాస్ట్ టెన్సూ

ఇంగ్లీషు టీచర్లుగా చేరబోతున్నామని ఈ మధ్య ఇద్దరమ్మాయిలు రాయగడలో మా ఇంటికొచ్చేరు. "గ్రామర్ ఎలా చెప్పాలో కొంచెం చెప్పండి మేడమ్" అన్నారు. టీ ఇచ్చి కూర్చోబెట్టి మొదలెట్టేను. పొద్దు పోయింది గానీ నా మాట అవలేదు. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, "ఆ పిల్లల్ని ఇళ్లకెళ్లనీ. నీ సోదంతా కాయితం మీద పెట్టు, ఓపికున్నోళ్లు చదువుకుంటారు" అన్నారు. ఆయన వెటకారానికే అన్నారు. నేను నిజంగానే పెట్టేస్తున్నాను.

నా పేరు సరోజిని. పుట్టింది బొబ్బిలి దగ్గర. మా ఆయన సునాబెడ ఫ్యాక్టరీలో ఫిట్టరు కాబట్టి పెళ్లయ్యేక ఆ కొండమీదికి చేరేను. అక్కడికి దగ్గర్లో, కోరాపుట్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేను. ఇంక్రిమెంట్లు ఎప్పుడొచ్చేయో, సీనియర్ టీచరని బోర్డు మీద నా పేరు ఎప్పుడు రాసేరో మీకనవసరం. నాకూ సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నవి పిల్లలు, ఒక ప్రిన్సిపాలు, ఒక తాడు. అవే చెప్తాను.

పన్నెండు గదుల చార్టు

మా ప్రిన్సిపాల్ సార్ ఒడియా ఆయన. రోజూ తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయనే స్వయంగా ఒక పెద్ద చార్టు గీసి ప్రతి క్లాసులోనూ తగిలించేరు. మూడు వరసలు, నాలుగు నిలువులు, మొత్తం పన్నెండు గదులు, ఒక్కో గదిలో ఒక్కో టెన్సు. పొద్దున్న ప్రార్థన అవగానే పిల్లలు దాన్ని పాటలాగ పాడాలి. ఎనిమిదో క్లాసులో హారికని ఒక పిల్ల ఉండేది. ఫ్యాక్టరీ టెక్నీషియన్ కూతురు, క్లాసు ఫస్టు. నిద్రలో లేపి అడిగినా ఆ పన్నెండు గదులూ గడగడా అప్పజెప్పేది.

చేరిన కొత్తలో నాకూ ఆ చార్టు చాలనిపించింది. ఒకరోజు పాట అయ్యేక మామూలుగా అడిగేను, "నిన్న ఆదివారం ఏం చేసేర్రా?" అని. ఒక్కొక్కరూ లేచేరు. "ఐ హేడ్ గాన్ టు మార్కెట్ యెస్టర్డే." "ఐ హేడ్ ఈటెన్ చికెన్." "ఐ హేవ్ సీన్ మై అంకుల్ యెస్టర్డే." క్లాసంతా హేడ్లే. ఓలమ్మో, నిన్న ఒక్కరైనా ఉత్తినే ఏదీ చెయ్యలేదేటి అనుకున్నాను.

మనకి హేడ్ అంటే మోజు. ఆఫీసు కాయితాల్లో పెద్దవాళ్లు ధారాళంగా వాడేస్తారు కదా, అది పెడితే వాక్యానికి ఇస్త్రీ చేసినట్టుంటుందని పిల్లల నమ్మకం. తప్పు వాళ్లది కాదు. ఇంట్లో తెలుగు, బడి వరండాలో ఒడియా, సంతలో కొండవాళ్ల దేశియా, టీవీలో హిందీ. ఇంగ్లీషు ఆ పిల్లలకి అయిదో భాష. పైగా మన తెలుగులో "వెళ్లేను" అని ఒక్క మాటంటే చాలు, నిన్న వెళ్లినా, ఇప్పుడే వెళ్లొచ్చినా, అంతకుముందెప్పుడో వెళ్లినా అదే మాట సరిపోతుంది. ఇంగ్లీషువాడు అలా ఊరుకోడు. ఎప్పుడు, దేని తరవాత, దేనికి ముందు, ఇప్పటికి దాని సంగతేటి అని అడుగుతాడు. ఆ ప్రశ్నలు మన పిల్లలు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ప్రశ్నే తెలీని పిల్లకి పన్నెండు జవాబులు బట్టీ పట్టిస్తే ఏం లాభం?

ఇదిగో వచ్చేసేను

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది ఏ పుస్తకంలోనూ రాయరు. షిఫ్టు అయ్యేక మా ఆయనకి ఫోన్ చేసి "ఎక్కడున్నారు?" అంటే, "ఇదిగో, వచ్చేసేను" అంటారు. ఆయన స్కూటరు ఇంకా ఫ్యాక్టరీ స్టాండులోనే ఉంటుంది. సుబ్బరంగా కూర వడ్డించేసుకుని కూర్చుంటే చల్లారిపోడం తప్ప మనిషి రారు. అలాగే క్లాసులో కిరణ్‌గాడు. వాళ్ల నాన్నది బజారులో చింతపండు, పసుపు హోల్‌సేల్ కొట్టు. "హోంవర్కు అయ్యిందేట్రా?" అంటే "అయిపోనాది టీచర్" అంటాడు, పుస్తకం సంచీలోంచి పైకి కూడా రాదు.

మొదట్లో ఇది అబద్ధమనుకుని తిట్టేదాన్ని. తరవాత ఆలోచిస్తే, అబద్ధం కాదు, మర్యాద. ఎదుటిమనిషి కంగారు పడకుండా ముందే ఊరట ఇచ్చేస్తాం. కిరణ్ వాళ్ల నాన్న ఫోన్లో, "మీ సరుకు బయల్దేరిపోనాది బాబూ, బెంగెట్టుకోకండి" అంటుంటే వాడు పక్కనే కూర్చుని వింటాడు. లారీ ఇంకా కొట్టు ముందే ఉందని వాడికీ తెలుసు, అవతల ఫోన్లో ఉన్నాయనకీ తెలుసు.

అందుకే కొత్తగా వచ్చే టీచర్లకి చెప్తున్నాను. ఇంటి మాటని వెక్కిరించకండి. "మన మాటకి మర్యాద ఎక్కువర్రా, ఇంగ్లీషుకి మొండితనం ఎక్కువ. అయ్యిందా అవలేదా ఒక్కటే అడుగుతుంది" అని చెప్పేను. పిల్లలు నవ్వేరు. నవ్వితే సగం పాఠం ఎక్కినట్టే.

ముడులున్న తాడు

మిగతా సగం బుద్రి తాడు చెప్పింది.

బుద్రి మా బడి బస్సులో ఆయా. లమ్తపుట్ వైపు కొండ పల్లె మనిషి. భర్త పోయేడు, ఇద్దరాడపిల్లల్ని హాస్టల్లో పెట్టి చదివించుకుంటోంది. బడి పిల్లలు ఆమెని మౌసీ, అంటే పిన్ని, అనేవారు. బస్సులో పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగే ఆమెది. అంచేత ఒక్క ముక్క మా శ్రీకాకుళం యాస, ఒక్క ముక్క దేశియా. నన్ను దీదీ అనేది.

చలికాలం మా వైపు మంచు దిగితే ఎదురుగా బస్సు ఉన్నా కనబడదు. బుద్రి ఒక పసుపుపచ్చ నైలాన్ తాడు కొనుక్కుని, దానికి మూరెడు మూరెడుకీ ఒక ముడి వేసుకుంది. ఒక్కో ముడి ఒక్కో ఎల్కేజీ గుంటడు పట్టుకోవాలి. ముందు తను నడుస్తుంది, వెనకాల పిల్లలు బొగ్గురైలు పెట్టెల్లాగ రోడ్డు దాటుతారు. ముడి వదిలితే మాత్రం ఊరుకునేది కాదు. "ముడి పట్టు, ముడి పట్టు" అని గొంతు పోయేలా అరిచేది.

ఒకరోజు వరండాలో నిలబడి ఆ వరస చూస్తుంటే నాకు బుర్ర వెలిగింది. "బుద్రీ, మధ్యాన్నం నీకిది పని లేదు కదా, నాకిస్తావేటి?" అన్నాను. "పాడుసెయ్యకు దీదీ" అని ఇచ్చింది.

తాడు ఒక కొస కిటికీకి, రెండో కొస తలుపుకి కట్టేను. కిటికీ వైపు పాత సంగతులు. తలుపు దగ్గర ఇప్పుడు. ఒక్కో పిల్ల ఒక్కో సంగతై ఒక ముడి పట్టుకుని నిలబడాలి. ఉత్తినే ఏం జరిగిందో చెప్తే మామూలు పాస్టు. నిలబడ్డ చోటినుంచి వెనక్కి తిరిగి, "నాకన్నా ముందు అది అయిపోయింది" అని వేలు చూపిస్తే అప్పుడే హేడ్. ఇంక తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల, ఎప్పుడో అయినదాన్ని ఇంకా చేతిలో పట్టుకునుంటే హేవ్. "నా పెన్ను పోయింది" అంటే, ఇప్పటికీ లేదు కదా, అది హేవ్. "పోయింది, మళ్లీ దొరికింది" అంటే తాడు మీద వెనక్కి పో. అంతే. పిల్లలకి ఆట దొరికింది. ముడి కోసం కొట్టుకునేవారు.

ప్రిన్సిపాల్ సార్ ఒకసారి కిటికీలోంచి చూసి, "మేడమ్, ఇది క్లాసా, సర్కస్సా?" అన్నారు. "సర్కస్సే సార్, టిక్కెట్టు లేదు, లోపలికి రండి" అన్నాను. రాలేదు. అలాగని తాడు తీసెయ్యమనీ అనలేదు. ఆయన మీద నాకున్న మొదటి కృతజ్ఞత అదే. తనకి నచ్చనిదాన్ని ఆపకుండా ఊరుకునే పై అధికారి దొరకడం అదృష్టం. మీకు దొరికితే గుర్తు పెట్టుకోండి.

సంత రోజు

ఇప్పుడు అసలు సంగతి. ఆ యేడు దసరా దాటి చలి మొదలైంది. మా బస్సు దారిలో వారానికోసారి సంత. ఆ రోజు రోడ్డు సగం కూరగాయల బుట్టలు, మేకలు, గాజుల బళ్లు. బస్సు మామూలు చోట ఆగడానికి కుదరదు. సంతకి ఇవతలే ఆగుతుంది. బుద్రి అక్కడ దిగాల్సిన చిన్నపిల్లల్ని తాడు పట్టించి దింపి, సంతలోంచి నడిపించి, వాళ్లమ్మలకి అప్పజెప్తుంది. ఈలోగా బస్సు జనంలో పాకుతా ముందుకెళ్తుంది. ఆవిడ నడిచొచ్చి దాన్ని అందుకుని మళ్లీ ఎక్కుతుంది. ఎప్పటినుంచో అలాగే నడుస్తోంది. ఆవిడ కిందనున్నంతసేపూ బస్సులో పెద్దవాళ్లెవరూ ఉండరు. డ్రైవరు కళ్లు రోడ్డు మీదుంటాయి.

ఆ సాయంత్రం ఒక ఎల్కేజీ పిల్లడు తప్పిపోయేడు. పేరు బాబి. వాడు దిగాల్సింది సంత దాటేక వచ్చే స్టాపులో. అక్కడ వాళ్లమ్మ నిలబడి ఉంది. బస్సొచ్చింది, బుద్రి తలుపు తీసింది, లోపల బాబి లేడు. ఆ తల్లి అరిచిన అరుపు సంతలో కూడా వినబడిందంటారు. అందరూ వెనక్కి పరిగెత్తేరు. మన అదృష్టం బాగుండి వాడు ఒక టీకొట్టు బల్ల మీద దొరికేడు. కొట్టు ఆయన వాడి చేతిలో బన్ను పెట్టి, ఎవరింటి పిల్లడమ్మా అని తెలుగులో, ఒడియాలో, దేశియాలో కేకలేస్తున్నాడు. పిల్లడికి గీత కూడా పడలేదు. కానీ ఏడిచి ఏడిచి ఎక్కిళ్లు పెడుతున్నాడు. సంతలో ఎలా దిగేవురా అంటే ఒక్క మాట చెప్పలేకపోయేడు.

ఎవరు దింపేరు? అందరికీ ఒకటే జవాబు. సంతలో పిల్లల్ని దింపేది బుద్రి. వాణ్ణీ తాడుతో దింపి, మధ్యలో వదిలేసింది. డ్రైవరు, "ఆయమ్మే పిల్లల్ని దింపింది, నాకింకేటీ తెలీదు" అనేసేడు. బుద్రి మాత్రం "నాయ్, నాను దింపలేదు. ఆడు సీట్లో పడుకున్నాడు" అని ఒకటే మాట. విన్నవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున్న బాబి వాళ్ల నాన్న వచ్చి ప్రిన్సిపాల్ సార్ బల్ల మీద కొట్టి మరీ మాట్లాడేరు. కన్నతండ్రి కోపం, నేను తప్పు పట్టను. ఆయన వెళ్లగానే సార్ బుద్రిని పిలిచి, "సాయంత్రం బస్సుకి నువ్వు రానక్కర్లేదు" అన్నారు.

నేను ఎనిమిదో క్లాసుకి తాడు కడుతున్నాను. బుద్రి తలుపు దగ్గర నిలబడింది. చేతిలో మూట. కళ్లు వాచున్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"తాడు ఇచ్చీ దీదీ."

"ఏం, ఇంకా మధ్యాన్నమే కదా?"

"సార్ పొమ్మన్నారు. కొత్తామె వస్తాది. ముడులు ఎలా పట్టించాలో ఆమెకి సూపించి ఎల్తాను. నేకపోతే పిల్లలు వదిలేస్తారు."

ఉద్యోగం ఊడిన మనిషి, పిల్లలు ముడి వదిలేస్తారని బెంగ పడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలీదు. "తాడు ఇవ్వను. ఒక్క పీరియడ్ ఆగు. అక్కడ కూర్చో" అన్నాను.

ఖాళీ ముడి

"ఎవరెవరు నిన్న ఆ బస్సులో ఉన్నారో లేచి రండర్రా" అన్నాను. లేచేరు. హారిక కూడా ఆ బస్సే. కానీ తల నొప్పిగా ఉంది టీచర్ అని బెంచీ మీదే ఉండిపోయింది. సరేలే అన్నాను.

"నిన్నటి బస్సుని తాడు మీద పెట్టండి. తెలుగైనా సరే, ఒడియా అయినా సరే. ఇంగ్లీషు తరవాత చూద్దాం. మొదట ఏటయ్యింది?"

ఒక పిల్ల, "సంతకి ఇవతల బస్సాగింది" అని కిటికీ పక్క ముడి పట్టుకుంది. రెండో పిల్లడు, "బుద్రి మౌసీ చిన్నపిల్లల్ని దింపింది" అని తరవాతి ముడి పట్టుకున్నాడు. అలాగే ఒక్కొక్కరూ. బస్సు కదిలింది. జనంలో ఇరుక్కుని మళ్లీ ఆగిపోయింది. మౌసీ నడిచొచ్చి ఎక్కింది. స్టాపొచ్చింది, బాబి లేడు. ఆఖరి పిల్ల తలుపు దగ్గర నిలబడి ఆ మాటంటుంటే బుద్రి మొహం తిప్పేసుకుంది.

రోజూ అడిగినట్టే అడిగేను. "వెనక్కి తిరిగి చూడండి. మీకన్నా ముందు ఇంకేటయినా అయ్యిందా?"

బస్సు కదిలిందన్న ముడి కిరణ్‌గాడిది. వాడు వెనక్కి తిరిగేడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"టీచర్, నాను బాబికి నీళ్లిచ్చేను."

"ఎప్పుడు?"

"బస్సులోనే. ఆడు లేచి ఏడిస్తే."

"అప్పటికి మౌసీ దిగిందా, దిగలేదా? తొందరపడకు. సూసి సెప్పు."

"దిగిపోనాది టీచర్. కిటికీలోంచి తాడు కనబడింది. అదిగో మౌసీ అని ఆడికి సెయ్యెట్టి సూపించేను. అప్పుడు ఏడుపాపి నీళ్లు తాగేడు."

మౌసీ దిగిపోయేక కూడా బాబి బస్సులోనే ఉన్నాడు. అంటే బుద్రి చెప్పింది నిజం. ఆవిడ వాణ్ణి దింపలేదు.

"మరి నిన్న ఎందుకు చెప్పలేదురా నాయనా?"

"నన్నెవరూ అడగలేదు టీచర్" అన్నాడు కిరణ్.

బుద్రి లేచి నిలబడింది. ఎప్పుడొచ్చేరో ప్రిన్సిపాల్ సార్ కూడా గుమ్మంలో ఉన్నారు. నేను తాడు వైపు చూసేను. బస్సు జనంలో ఆగిపోయిందన్న ముడికీ, మౌసీ మళ్లీ ఎక్కిందన్న ముడికీ మధ్య ఒక ముడి మిగిలిపోయింది. ఎవరూ పట్టుకోలేదు. బాబి ఇక్కడ ఉన్నాడు, అక్కడ లేడు. మధ్యలో ఏదో అయ్యింది. నేనింకేమీ అడగలేదు.

బెంచీ కదిలింది. హారిక లేచింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆ ఖాళీ ముడి పట్టుకుంది.

"నానే తలుపు తీసేను టీచర్."

ఇంట్లో మాట్లాడే మాట అది. క్లాసులో ఆ పిల్ల నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన ఇంగ్లీషే.

"బస్సాగిపోనాది. బాబి మా అమ్మ, మా అమ్మ అని సెయ్యి సూపించేడు. ఎర్ర శాలువా కప్పుకున్నామె. వాళ్లమ్మకీ అలాటిదే ఉంది. నిజమే అనుకున్నాను. అందరూ అటుపక్క కిటికీల్లోంచి సంత సూస్తన్నారు. తలుపు తీసేను. ఆడు దిగి పరిగెత్తేడు. బస్సు ఎల్లిపోనాది. స్టాపులో వాళ్లమ్మని సూసేసరికి నాకు గొంతు పడిపోనాది. అందరూ మౌసీ, మౌసీ అన్నారు. నాను..." అని ఇంక చెప్పలేక తాడుని గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది.

నేను వెళ్లేలోపల బుద్రి వెళ్లింది. మూట కింద పెట్టేసి, ఆ పిల్ల ముక్కూ మొహమూ తన కొంగుతో తుడిచింది. "ఏడవకు అమ్మి. ఆడు అమ్మ, అమ్మ అన్నాడని తీసేవు. నాకు తెలీదేటి? నానున్నా తీసేదాన్నేమో" అంది. ఆ నిమిషంలో అంత మాట అనడానికి ఎంత గుండె కావాలో మీరే ఆలోచించండి. ఆవిడ ఉద్యోగం పోయింది ఆ పిల్ల వల్లే.

సార్ ఎక్కడ నిలబడాలి

ప్రిన్సిపాల్ సార్ లోపలికొచ్చేరు. చార్టు తగిలించిన గోడ పక్కనే ఆగి, తాడు ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసేరు.

"మేడమ్, నేను ఎక్కడ నిలబడాలి?"

నా కోపం ఇంకా దిగలేదు. పిల్లల ముందని కూడా చూడలేదు. "మీది ఆఖరు ముడి సార్. అన్నీ అయిపోయేక వచ్చి బుద్రిని పొమ్మన్నారు" అన్నాను.

ఆయన తలుపు వైపు నడిచేరు. బుద్రి ముందుకొచ్చేసరికి ఆగేరు.

"నువ్వు ఒకసారి ఆఫీసుకొచ్చేవు కదా? సంత గురించి."

"రెండుమార్లొచ్చేను బాబూ. సంతరోజు నాను కిందకి దిగితే బస్సులో పెద్దోళ్లు ఎవ్వులూ లేరు, ఒక మనిషిని తోడివ్వండని అడిగేను. దసరాకి ముందే."

సార్ వెనక్కి తిరిగి, తాడు పొడుగునా, పిల్లలందరినీ దాటుకుంటూ కిటికీ దగ్గరికెళ్లేరు. మొదటి ముడి పట్టుకున్న పిల్లని తలుపు వైపు ఒక ముడి జరగమన్నారు. ఆ పిల్ల జరిగింది, దాంతో అందరూ జరిగేరు. ఆయన ఆ మొదటి ముడి పట్టుకున్నారు.

"షి హేడ్ టోల్డ్ మీ" అన్నారు.

పన్నెండు గదులు గీసిన మనిషి. ఆ గదిలో వాక్యం అంత మెల్లగా అనడం నేనెప్పుడూ వినలేదు. నాకు కన్నీళ్లొచ్చేసేయి. సిగ్గేముంది, ఇప్పుడు రాస్తున్నా వస్తున్నాయి.

ఆ సాయంత్రం బస్సుకి బుద్రే వెళ్లింది. మర్నాడు బాబి వాళ్ల నాన్నని సార్ పిలిపించేరు. నేను బయట వరండాలో ఉన్నాను. "ఆ అమ్మాయిని ఏం చేస్తారు?" అని ఆయన గట్టిగా అడగడం వినబడింది. "పిల్ల నిజం చెప్పింది. జవాబు చెప్పాల్సిన పెద్దవాణ్ణి నేను. బస్సులో ఇంకో మనిషిని పెట్టడం నా పని, పెట్టలేదు. మీరు కొట్టాలంటే ఈ బల్లనే మళ్లీ కొట్టండి" అన్నారు సార్. కాసేపయ్యేక ఆ తండ్రి బయటికొచ్చి, బుద్రి దగ్గర ఆగి, "నిన్న నోటికొచ్చినట్టు అనేసేను" అన్నాడు. బుద్రి, "గుంటడు బాగున్నాడు కదా బాబూ" అంది. అంతే.

ఇంకో ఆయాని పెట్టడానికి కొంతకాలం పట్టింది. ఈలోగా వచ్చిన సంతకి హారిక తనంతట తనే బుద్రి దగ్గరికెళ్లి, "మౌసీ, ఆఖరు ముడి నేను పట్టుకుంటాను" అంది. ముందు బుద్రి, వెనక హారిక, మధ్యలో పిల్లలు. కొత్త ఆయా వచ్చి బస్సులో కూర్చున్నాక కూడా ఆ పిల్ల తోక ముడి వదల్లేదు. పదో క్లాసు పాసయ్యి వెళ్లేటప్పుడు దాన్ని ఇంకో ఎనిమిదో క్లాసు పిల్లకి అప్పజెప్పి మరీ వెళ్లింది.

మీకు చెప్పేది

పిల్లల్ని బోనెక్కించడానికి ఆ తాడు వాడొద్దు. ఆ రోజు హారిక సంగతి నాకు ముందే తెలిసుంటే విడిగా పిలిచి మాట్లాడేదాన్ని. నేను తాడు కట్టింది బుద్రి కోసం. అది దేన్ని పట్టుకొచ్చిందో నా చేతిలో లేదు.

చార్టుని కూడా తిట్టుకోకండి. తాడు మీద నిలబడ్డ పిల్లలకి ఆ తరవాత అదే చార్టు సుళువుగా అర్థమైంది. ముందు నిలబడాలి, తరవాత గది పేరు చెప్పాలి. మనం తిరగేసి చెప్తున్నాం, చిక్కంతా అక్కడే.

మా ఆయన రిటైరయ్యేక రాయగడ వచ్చేసేం. ఇక్కడ ఒక హోల్‌సేల్ కొట్టు మేడమీద గదిలో, కొట్లలో కూర్చునే కుర్రాళ్లకి కొన్నాళ్లు ఇంగ్లీషు చెప్పేను. గోనెసంచీలు కుట్టే పురికొసకే ముడులేసుకున్నాం. వాళ్లకీ హేడ్ మోజే. "ఎందుకురా అది?" అంటే, "గట్టిగుంటాది కదా మేడమ్" అన్నారు. నవ్వుకుని, కిటికీకి కట్టేను.

పైవాళ్ల గురించి కూడా ఒక మాట. తరవాత చాలామందిని చూసేను. ఇన్‌స్పెక్షనంటే వణికేవాళ్లు, తప్పు కిందవాళ్ల మీదికి తోసేవాళ్లు, సారీ చెప్పేటప్పుడు కూడా ఆఖరు ముడే పట్టుకునేవాళ్లు. కిటికీదాకా నడిచిన మనిషి నాకు ఒక్కరే తగిలేరు. నేను ఆ రోజు నోరు జారి ఆఖరు ముడి అన్నాను. ఆయన నా లెక్కని నా తాడు మీదే దిద్దేరు. నేను టీచరునైంది ఆ పీరియడ్‌లోనే అనుకుంటాను. నాకు ఆ బడి ఇచ్చిన జీతం ఎప్పుడో ఖర్చైపోయింది. ఇది మాత్రం ఇంకా ఉంది.

సునాబెడ బడిలో నా ఆఖరి రోజు కూడా సంత రోజే. చలికాలం. సాయంత్రానికే మంచు దిగిపోయింది. దండలు, పళ్లెం, శాలువా, ఫోటోలు అన్నీ అయ్యేయి. సంత అవతల మా ఆయన స్కూటరుతో ఉన్నారు. ఫోన్ చేస్తే "వచ్చేసేను" అన్నారు, ఆయన మాట మీకు తెలుసు కదా. అంచేత నేనూ బడి బస్సే ఎక్కేను. సంతకి ఇవతల ఆగింది. దిగేను. నాలుగడుగుల అవతల ఏమీ కనబడలేదు. బుట్టల చప్పుడు, మేకల అరుపులు, లారీ హారన్లు. అప్పటికి నాకు కంటి ఆపరేషన్ అయ్యి ఎన్నాళ్లో కాలేదు. చేతిలో దండల సంచీ పెట్టుకుని ఎటు అడుగెయ్యాలో తెలీక అలాగే నిలబడిపోయేను.

బుద్రి పిల్లలకి ముడులు పట్టిస్తోంది. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. "ముడి పట్టు, ముడి పట్టు." ఆ రోజు ఒక పిల్లడు జ్వరమని రాలేదు. వరస లెక్క చూసుకుని నావైపు తిరిగింది.

"దీదీ, ఒక ముడి ఖాళీ ఉంది. రా. పట్టుకో."

పట్టుకున్నాను. ముందు ఒక ఎల్కేజీ పిల్ల, వెనక తోక ముడి పట్టుకున్న ఎనిమిదో క్లాసు పిల్ల. ఎల్కేజీ పిల్ల వెనక్కి తిరిగి, "వదిలితే మౌసీ తిడతాది టీచర్" అని జాగ్రత్త చెప్పింది. అలాగేనమ్మా అన్నాను. సంత దాటేదాకా వదల్లేదు.